ఘర్షణకు నూనె పోసినవాణ్ణి

మా అనంతపురం వైపు వానకు కరువు గానీ గాలికి కరువు లేదు. ఏడాదంతా కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే నేల ఇది. ఇంతకంటే తక్కువ వాన పడే జిల్లా ఏదంటే జైసల్మేర్ పేరు చెప్పుకుని ఊరట పడతాం. జూన్ మొదలు ఆగస్టు దాకా పడమటి గాలి మబ్బుల్ని మా నెత్తి మీదుగా తోలుకుపోతుంది, చుక్క రాలదు. ఆ గాలిని నమ్ముకునే 1990లలో రామగిరి కొండల మీద గాలిమరలు వెలిశాయి. గాలి సంగతి మరలు నిలబెట్టిన ఇంజనీర్లకు తెలుసు, బోదకొట్టం కప్పు మీద రాళ్లు పెట్టుకునే రైతుకు తెలుసు. నాకూ తెలుసనే అనుకున్నాను. తెలిసే ఉంటే ఆ మరల్ని ఫోటో తీయడానికి కిలో బరువున్న స్టాండు పట్టుకుని ఎందుకు పోతాను?

నా తెలివితక్కువతనం ఎంతటిదో తెలియాలంటే ఇంకొకటి కూడా చెప్పాలి. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. గరిమనాభి, టార్కు, లఘులోలకం, అనునాదం, ఘర్షణ. వీటి మీద ఎన్ని బ్యాచులకు నోట్సు చెప్పానో లెక్క లేదు. స్టాండు దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠాలన్నీ వరసగా, ఒక్కటీ వదలకుండా తప్పాను.

కొనేటప్పుడు అడిగిన మొదటి మాటే తప్పు: "బరువెంత?" ఎంత తక్కువైతే అంత సంతోషం. షాపతను ఒంటి వేలితో ఎత్తి చూపించాడు. కాళ్లకు నాలుగు మడతలు, చివరి మడత పెన్సిలు మందం. నడుమ ఒక రాడ్డు, పక్కన తిప్పే పిడి. తిప్పేకొద్దీ కెమెరా లేచి నా తల దాటిపోయింది. ఆ పొడుగు చూసి మోజుపడ్డాను. దాచుకోవడం ఎందుకు, ఫోటోలు కుదరడం మీద కంటే, భుజాన స్టాండుతో మా ఊరి సప్తగిరి సర్కిల్లో బండి ఆపితే నలుగురూ చూస్తారన్న దాని మీదే నాకు మనసుండేది.

రామగిరిలో నేను తీయాలనుకున్న ఫోటో పెద్ద కష్టమైనదేమీ కాదు. పొద్దు దిగాక మర రెక్కలు తిరుగుతూ చెరిగిపోయినట్టు కనబడాలి, స్తంభం మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుండాలి. దానికి షట్టరు అర సెకనో సెకనో తెరిచి ఉంచాలి. ఉంచాను. కాళ్లన్నీ బారుగా లాగి, నడుమ రాడ్డు కూడా చివరికంటా ఎత్తి, కొండ అంచున నిలబెట్టి తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే రెక్కలు తిరుగుతున్నాయి, స్తంభం తిరుగుతోంది, వెనకాల కొండ కూడా తిరుగుతోంది.

ఎవరైనా అప్పుడు స్టాండును అనుమానిస్తారు. నేను లెన్సును అనుమానించి బెంగళూరు పంపించాను. బాగానే ఉందని తిరిగొచ్చింది. తర్వాత కెమెరాను అనుమానించాను, కొన్నాళ్లు నా కళ్లద్దాలను కూడా. లెన్సు పక్కన వణుకు ఆపే మీట ఒకటి ఉంటుంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు వేసుకోవాల్సింది అది. స్టాండు మీద పెట్టినప్పుడు ఆపేయమని చాలా లెన్సుల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది, ఎందుకంటే పాతరకం లెన్సుల్లో అది లేని వణుకును వెతుక్కుంటూ తానే వణుకు పుట్టిస్తుంది. ఆ పుస్తకం నేను అట్టపెట్టెలోంచి బయటికి తీస్తే కదా.

పెళ్లి వీడియోలు తీసే తమ్ముడొకడు సలహా ఇచ్చాడు. "సార్, రాడ్డు కింద కొక్కెం ఉంటాది చూడండి. దానికి బ్యాగు తగిలిస్తే బరువుకు కదలదు." గరిమనాభి కిందికి దిగితే స్థిరత్వం పెరుగుతుంది. నేను బోర్డు మీద రాసే వాక్యమే అది. మళ్లీ గాలికాలంలోనే పోయి, రాడ్డు ఎత్తింది ఎత్తినట్టే ఉంచి, కొక్కేనికి బ్యాగు వేలాడదీశాను. బ్యాగులో నీళ్ల బాటిలు, టిఫిను డబ్బా, ఇంకో లెన్సు. బ్యాగుకూ నేలకూ మధ్య రెండు జానల ఖాళీ. గాలి కొట్టింది. బ్యాగు ఊగింది. బ్యాగు ఊపుకు స్టాండు ఊగింది, స్టాండు ఊపు అందుకుని బ్యాగు ఇంకాస్త ఊగింది. నేను చేతులు కట్టుకుని చూస్తున్నాను. ఇదేదో తెలిసిన వ్యవహారంలా ఉందే అనిపించింది. దారం, గుండు, ఆవర్తన కాలం. ఏటేటా ల్యాబులో పిల్లలచేత చేయించే ప్రయోగం అది. లఘులోలకాన్ని నా చేతులతో నేనే కట్టి, దాని నెత్తిన కెమెరా పెట్టి, కదలకుండా ఉండమంటున్నాను.

బ్యాగు అడుగు నేలకు కొంచెం ఆనేటట్టు కట్టుకుంటే సరిపోయేది. బరువు కిందికి లాగుతుంది, ఊగదు. అది నాకు తట్టేలోపు పట్టీ తెగింది. టిఫిను డబ్బా దొర్లుకుంటూ లోయలోకి పోయింది. లెన్సు దాని వెంట పోకపోవడం ఆనాటి అదృష్టం.

పల్లెల్లో ఇంకో తమాషా. మూడు కాళ్లది నిలబెట్టి ఒంటి కన్నుతో చూసేవాడు ఎవరైనా సరే సర్వేయరే. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలుపెట్టాక ఆ అనుమానం రూఢి అయిపోయింది. రామగిరి దిగువన శెనక్కాయ చేలో నేను ఫ్రేము సర్దుకుంటుంటే ఒక పెద్దాయన గెనిమ మీద పరుగున వచ్చాడు.

"సార్, వచ్చినోడివి ఎట్లా వచ్చినావు, మా గెనిమ గూడా సూసిపో. పక్కోడు రెండు సాళ్లు లోపలికి దున్నినాడు. పాసుబుక్కు తెచ్చేదా?"

"సర్వే కాదు పెద్దాయనా, ఫోటోలు" అన్నాను. నమ్మలేదు. కావాలంటే నువ్వే చూడమని కెమెరా దగ్గరికి పిలిచాను. చూస్తూ చూస్తూ ఆయన స్టాండు మీద చెయ్యి ఆనించాడు. అది ఒక పక్కకు ఒరిగింది. "ఇది సర్కారు సామాను కాదులే" అని తేల్చేసి, పాసుబుక్కు మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు. నా ఫోటోల మీద అంత సూటిగా తీర్పు చెప్పిన మనిషి ఇంకొకరు లేరు.

మా కాలేజీలో తెలుగు చెప్పే సారు వాళ్ల మామ సర్వేశాఖలో చైన్‌మన్‌గా చేసి రిటైరయినాయన. రోషంకొద్దీ స్టాండు ఆయన దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన మొట్టమొదట కాళ్ల కొనలు చూశాడు. రబ్బరు బుడిపెలు. "గరుసునేల మీద ఇవి జారతాయి సార్. మా స్టాండుకు ఇనుప మొన ఉండేది, దాని మీద మడమ పెట్టి తొక్కేదానికి చిన్న మెట్టు. తొక్కితే గుంజ నాటినట్టే." తర్వాత నడుమ రాడ్డు పైకీ కిందికీ తిప్పి నవ్వాడు. "మూడు కాళ్లు ఇచ్చినాక, పైన మళ్లీ ఒంటికాలెందుకు సార్?"

అంతకంటే మంచి పాఠం నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. సర్వే స్టాండులో ఆ రాడ్డే ఉండదు. పాతవైతే కాళ్లు చెక్కవి, బరువైనవి. చెక్క వణుకును తనలోనే మింగుతుంది. మన కెమెరా అడుగున స్క్రూ పావు అంగుళమైతే, సర్వేవాళ్లు కోణాలు కొలిచే థియోడలైటుది అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు. దాన్ని చూస్తేనే తెలుస్తుంది, నిలబెట్టడమంటే వాళ్ల దృష్టిలో ఏమిటో. ఇంత విని నేను చేసిందేమిటి? వణుకును మింగే గుణం కార్బన్ ఫైబరుకు కూడా ఉందని ఎక్కడో చదివి, మళ్లీ తేలికైనదే కొన్నాను. 1917లో మొదలైన ఫ్రెంచి కంపెనీ గిట్జో 1994లో తొలిసారి కార్బన్ కాళ్లు తెచ్చింది. ఆ జాతి స్టాండుకు పెట్టే డబ్బు నా దగ్గర లేదు. పేరులో మాత్రం కార్బన్ ఉంటే చాలనుకున్నాను.

సర్వే మాట వచ్చింది కాబట్టి గుత్తి సంగతి కూడా ఒప్పుకుంటాను. 1811లో విలియం లాంబ్టన్ గుత్తి దగ్గర తన సర్వేకు ఆధార రేఖ కొలిపించాడు. ఆయన పెద్ద థియోడలైటు బరువు అర టన్ను. దాన్ని దక్షిణ దేశమంతా కొండలూ గోపురాలూ ఎక్కించారు. 1808లో తంజావూరు గోపురం మీదికి లాగుతుండగా దెబ్బతింటే, ఆయనే కూర్చుని వారాల తరబడి బాగుచేసుకున్నాడు. నేను గుత్తి కోట ఎక్కింది తెల్లవారుజామున చీకట్లో. పైకి చేరి, ఆయాసం తీర్చుకుని, తూర్పు ఎర్రబడుతుంటే కెమెరా బిగించబోయాను. స్టాండు నెత్తినుండే హెడ్డు మీద ప్లేటు లేదు. కెమెరాను హెడ్డుకు పట్టించే అగ్గిపెట్టెంత ప్లేటు. ముందురాత్రి తుడిచి ఇంట్లో టేబులు మీద పెట్టాను. అర టన్ను మోసినవాళ్ల కొండ మీద, యాభై గ్రాములు మోయడం మరిచి, రాతి మీద కూర్చుని సూర్యోదయం ఊరికే చూసి దిగాను.

ఇప్పటిదాకా చెప్పినవి మామూలు మనుషులు కూడా చేసే తప్పులు. ఇక చెప్పబోయేది ఫిజిక్స్ చదివినవాడే చేయగల తప్పు.

కణేకల్లు వైపు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలున్నాయి. హగరి అని కూడా అంటారు ఆ ఏటిని. గాలికాలంలో దిబ్బల ఇసుక లేచి పక్క చేలల్లోకి జరుగుతుంటుంది. కరువు సీమలో ఎడారి ఫోటో అని ఎగేసుకుంటూ పోయాను. ఫోటోలు రాకపోగా ఇసుక వచ్చింది, స్టాండు కాళ్ల కీళ్లలోకి, హెడ్డులోకి. తిప్పితే కరకర. బాల్‌హెడ్ అంటే పెద్ద రహస్యమేమీ లేదు. లోహపు గుండు ఒకటి, దాన్ని పట్టుకునే గిన్నె ఒకటి. పక్కన మర బిగిస్తే గిన్నె గుండును నొక్కుతుంది. ఆ రెండింటి మధ్య ఘర్షణే కెమెరాను నిలబెడుతుంది, వేరే ఆధారం లేదు. ఆ ఘర్షణకు నేను మా ఆవిడ కుట్టుమిషను నూనె పోశాను.

ఘర్షణ అవసరమైన కీడు అని హైస్కూలు దాటిన ప్రతి పిల్లవాడికీ నోటికొచ్చు. నడవడానికీ, బండి ఆపడానికీ అది కావాలి. యంత్రాల్లో తగ్గించుకోవడానికి కందెన వాడాలి. నాకు రెండో సగమే గుర్తొచ్చింది. గుండు నున్నగా, చప్పుడు లేకుండా, ఎటు తిప్పితే అటు తిరిగింది. కరకర పోయిందని మురిసిపోయాను. కాళ్ల కీళ్లలో కూడా పోశాను. అక్కడ ఇసుకతో కలిసి ఆ నూనె చక్కటి సానపిండి అయి, లోపలి పూతను అరగదీసింది.

ఆ తర్వాత మర ఎంత బిగించినా కెమెరా నిద్రకు తూగే పిల్లవాడిలా తల వాల్చేది. ఒక్కసారిగా కాదు, మెల్లగా. ఫ్రేము కుదిర్చి, బిగించి, చెయ్యి తీసి చూస్తే ఆకాశం తగ్గి నేల పెరిగి ఉండేది. మా తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో 'మాయాబజార్' తీశాడు, కెమెరా మార్కస్ బార్ట్లే. ఒకే ఫిల్ము మీద తెరలో కొంత ఒకసారీ కొంత ఇంకోసారీ తీసే ఆ రకం మాయలకు కెమెరా వెంట్రుకవాసి జరిగినా గుట్టు బయటపడుతుంది. వాళ్లు నా హెడ్డు వాడి ఉంటే ఘటోత్కచుడి మాయలు మొదటి రీల్లోనే తేలిపోయేవి.

అదే హెడ్డు మీద అరువు తెచ్చిన పొడుగు లెన్సు బిగించుకుని చిలమత్తూరు దగ్గరి వీరాపురం పోయాను. ఏటా ఆ ఊరి చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. వాటిని ఊరివాళ్లు ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. పేపర్లు వీటిని సైబీరియా కొంగలని రాయడం మానవు. ఎర్రకాళ్ల కొంగ మన దేశపు పక్షే, సైబీరియాతో దానికి ఏ చుట్టరికమూ లేదు. సరే, వీధి మధ్యలో స్టాండు పరిచాను. ఆవులు దాటడానికి దారి లేకుండా పోయింది. లెన్సు పైకెత్తి మర బిగించి గూటి వైపు గురిపెట్టానో లేదో, ముందు బరువుకు హెడ్డు ఒక్క ఉదుటున ఒరిగింది. నా చూపుడువేలు గుండుకూ అంచుకూ మధ్య నలిగింది. ఇంత పొడుగు లెన్సును బాల్‌హెడ్ మీద పెట్టడమే ప్రమాదం. నూనె పోసిన బాల్‌హెడ్ సంగతి చెప్పనక్కర్లేదు. గింబల్ అని వేరే రకం హెడ్డు ఉంది. లెన్సును గరిమనాభి దగ్గరే తూగేటట్టు పట్టుకుంటుంది, చెయ్యి వదిలినా ఒరగదు. ఆ మాట పెట్టె మీద రాసి ఉందేమోనని నేను చూస్తేగా, నేను బోర్డు మీద రాసే మనిషిని.

నా కేకకు ఎదురింటి ఆమె బయటికొచ్చింది. వేలికి పసుపు పెట్టి గుడ్డ చుట్టింది. "ఏంటికి సామీ ఇంత సామాను? చెట్టు ఈడనే ఉండాది కదా" అని, ఒక సంచిలో ఇంత శెనక్కాయ పొట్టు పోసి మిద్దె పిట్టగోడ మీద పడేసింది. లెన్సును ఆ సంచిలో కూరుకుపోయేటట్టు పెట్టాను. కదల్లేదు. గూళ్లు దాదాపు కంటి ఎత్తున ఉన్నాయి. నా దగ్గర ఇవాళ నలుగురికి చూపించదగ్గ కొంగల ఫోటోలన్నీ ఆ పొట్టు సంచి మీద తీసినవే.

లేపాక్షి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో స్టాండు వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. నేను తీసుకోలేదు. కాపలా ఆయన మర్యాదగానే ఆపాడు. అడుగు నేలకు ఆనని స్తంభం చూడటానికి జనం గుడ్డలు దూర్చి లాగుతుంటే, మూడు కాళ్లూ నేలకు ఆనినా నిలబడని నా స్టాండును గేటు దగ్గర వదిలి లోపలికి పోయాను. కప్పు మీది విజయనగర కాలపు చిత్రాలకు చేతులు వణక్కుండా ఎలా అని తచ్చాడుతుంటే ఆయనే అన్నాడు, "కెమెరా నేల మీద వెల్లకిలా పెట్టు సార్, పైకే చూస్తాది కదా." కింద రుమాలు పరిచి, టైమరు వేసి పక్కకు జరిగాను. అంత గట్టి స్టాండు నేను ఎక్కడా కొనలేదు.

తిమ్మమ్మ మర్రిమాను దగ్గర కూడా తల దించుకున్నాను గానీ అక్కడ నాకు తోడుగా ఒక పెద్ద పేరుంది. ఐదెకరాల చెట్టును ముక్కలు ముక్కలుగా తీసి అతికిద్దామని, స్టాండు మట్టం చూసుకోకుండా హెడ్డు తిప్పుతూ పోయాను. అతికిస్తే చెట్టు వంకాయలా వంగి వచ్చింది. ఈ చెట్టును 1989లో గిన్నిస్ బుక్కుకు ఎక్కించడానికి తిరిగిన మనిషి కర్ణాటకకు చెందిన ఫోటోగ్రాఫరూ విలేకరీ అయిన సత్యనారాయణ అయ్యర్. సంపాదకులు తన రచనల్ని తిప్పి పంపుతూ రాసిన 'రిగ్రెట్' ఉత్తరాలు పోగేసి, ఆ మాటనే పేరు ముందు పెట్టుకుని రిగ్రెట్ అయ్యర్ అయ్యాడు. ఆ లెక్కన నా పేరు ముందు పెట్టుకోవడానికి కూడా సరుకు బాగానే ఉంది.

అన్నిటికంటే బాధ పెట్టేది మాత్రం కొనని స్టాండు. పాతూరులో ఒకాయన తాతల నాటి స్టూడియో మూసేస్తూ, "సార్, మీకు పిచ్చి కదా, ఇది తీసుకుపొండి" అని టేకు స్టాండు చూపించాడు. ఇత్తడి మరలు, ఇనుప మొనలు. అడిగిన ధర నా రెండో స్టాండు ధరలో సగం కూడా లేదు. ఎత్తి చూసి, "అబ్బో, బరువు" అని పెట్టేశాను. తర్వాతెప్పుడో అలెగ్జాండర్ గ్రీన్‌లా గురించి చదివాను. 1856లో హంపీని ఫోటోలు తీసిన సైనికాధికారి. అప్పటికి మా జిల్లా లేదు, 1882లో బళ్లారి నుంచి విడదీశారు. మైనపు కాగితం నెగటివ్‌లు, పెట్టెంత కెమెరా, ఒక్కో ఫోటోకు నిమిషాల పాటు కదలకూడదు. 1980లలో ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్, గ్రీన్‌లా కెమెరా నిలబెట్టిన చోట్లే వెతికి పట్టుకుని, అక్కడినుంచే మళ్లీ తీశాడు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెడితే నూటపాతికేళ్లలో ఏ రాయి పడిందో, ఏ చెట్టు లేచిందో తెలిసిపోతుంది. పుస్తకం మూసి తిన్నగా పాతూరు పోయాను. టేకు స్టాండు లేదు. బెంగళూరులో ఏదో హోటలువాళ్లు లైటు పెట్టుకోవడానికి కొనుక్కుపోయారట.

ఇప్పుడు వాడుతున్నది పెళ్లి వీడియోల తమ్ముడు అమ్మిన పాత అల్యూమినియం స్టాండు. నాలుగు కిలోల పైమాట, భుజం పట్టేస్తుంది. లావు మడతలే ముందు లాగుతాను, సన్న మడతలు తప్పనిసరైతేనే. నడుమ రాడ్డు పైకి లేవకుండా సైకిలు ట్యూబుతో కట్టేశాను. రామగిరిలో స్తంభం ఇప్పుడు నిటారుగానే వస్తోంది.

మొదటి స్టాండు మా మిద్దె మీద నా పాత చొక్కా తొడుక్కుని వడియాల దగ్గర కాకుల్ని తోలుతోంది. గాలి ఎక్కువైన రోజు అక్కడ కూడా పడిపోతోందని మా ఆవిడ ఫిర్యాదు. కార్బన్ పేరున్నది ఎవరికైనా కావాలంటే మా స్టాఫ్‌రూముకు వచ్చి అడగండి, ఊరికే ఇస్తాను. గదిలో కూర్చుని ఫోన్లో పాఠాలు రికార్డు చేసుకునే పిల్లలకు భేషుగ్గా పనికొస్తుంది. బాల్‌హెడ్ మాత్రం అడగొద్దు. ఈ ఏడాది ఘర్షణ పాఠానికి దాన్ని క్లాసుకు పట్టుకుపోతున్నాను.